స్పీకర్ వెనక ఉన్న ఆ ‘8 ఓమ్స్’ సంగతేంటి? యాంప్ కాలిపోక ముందే చూసుకోండి

పోయిన ఏడాది వినాయక చవితి. మా గల్లీ మండపంలో రెండో రోజు రాత్రి పాటలు పెట్టిన అరగంటకే సౌండ్ ఆగిపోయింది. యాంప్లిఫయర్ మీద ‘ప్రొటెక్ట్’ అని ఎర్ర లైట్. పిల్లలు ఆఫ్ చేసి ఆన్ చేశారు. పాట మొదలైంది, మళ్లీ ఆగింది. ఇలా నాలుగైదు సార్లు అయ్యాక ఆ ఎర్ర లైట్ కూడా వెలగలేదు, కాలిన వాసన మాత్రం వచ్చింది. తెల్లారి రిపేర్ షాప్‌కి తీసుకెళ్తే, ఒక చానల్ అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లన్నీ పోయాయని తేలింది. చందాల డబ్బులోంచి నాలుగు వేలు అక్కడికక్కడే హుష్‌కాకి.

యాంప్ మంచిదే. బాక్సులూ మంచివే. మొదటి రోజు రెండు బాక్సులతో రాత్రి పదింటి దాకా ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది. రెండో రోజు పక్క వీధి నుంచి ఇంకో రెండు బాక్సులు తెచ్చారు. రైట్ చానల్ కేబుల్ తెగిందని నాలుగింటినీ లెఫ్ట్ చానల్‌కే తగిలించారు. “యాంప్ 250 వాట్స్, ఒక్కో బాక్స్ 300 వాట్స్. ఇంకా మనకే మార్జిన్ ఉంది కదన్నా!” అన్నాడు సౌండ్ చూసుకునే కుర్రాడు. వాట్స్ లెక్క వరకు వాడు చెప్పింది కరెక్టే. ఎవరూ పట్టించుకోనిది ఆ వాట్స్ పక్కనే చిన్న అక్షరాల్లో ఉన్న ఇంకో నంబర్: 8 ఓమ్స్.

స్పెక్ షీట్ చూసేటప్పుడు మనందరి కన్నూ వాట్స్ మీదే పడుతుంది. కానీ ఓమ్స్ చెప్పకుండా వాట్స్ చెప్పడం, ఎన్ని లీటర్ల పెట్రోల్‌కో చెప్పకుండా ఇన్ని కిలోమీటర్లు వస్తుందనడం లాంటిదే. హోమ్ థియేటర్ అయినా, ఆన్‌లైన్‌లో కొన్న బోర్డుతో సొంతంగా చేసుకున్న బాక్స్ అయినా, కాలేజీ బ్యాండ్ గిటార్ యాంప్ అయినా ఇక్కడ దెబ్బతినే అవకాశం ఉంది. అందుకే ఈసారి రివ్యూ పక్కన పెట్టి దీని సంగతే చూద్దాం.

ఓమ్స్ తగ్గితే ఏమవుతుంది?

ముందు ఒక అపోహ తీసేద్దాం. ఓమ్స్ అనేది క్వాలిటీ నంబర్ కాదు. 4 ఓమ్స్ స్పీకర్ 8 ఓమ్స్ దానికంటే మంచిదనో, తక్కువదనో అనుకోనక్కర్లేదు. యాంప్ ఇచ్చే వోల్టేజీకి స్పీకర్ ఎంత కరెంట్ లాగుతుందో చెప్పే లెక్క అది. ఓమ్స్ ఎంత తగ్గితే కరెంట్ అంత ఎక్కువ.

యాంప్ పనిచేసే తీరు చూస్తే ఇది ఈజీగా అర్థమవుతుంది. ఇప్పటి ట్రాన్సిస్టర్ యాంప్‌లు, క్లాస్-డి యాంప్‌లు వాల్యూమ్ నాబ్ ఎక్కడుంటే దానికి తగ్గ వోల్టేజీని అవుట్‌పుట్‌లో నిలబెడతాయి. వెనక ఏ స్పీకర్ ఉందో వాటికి అనవసరం. ఒక పాట దగ్గర ఆ వోల్టేజీ 20 వోల్టులు అనుకుందాం. వెనక 8 ఓమ్స్ ఉంటే 20ని 8తో భాగిస్తే 2.5 ఆంపియర్లు, అంటే 50 వాట్స్. అదే నాబ్ పొజిషన్‌లో 4 ఓమ్స్ పెడితే 5 ఆంపియర్లు, 100 వాట్స్. 2 ఓమ్స్ పెడితే 10 ఆంపియర్లు, 200 వాట్స్. నాబ్ ఎవరూ ముట్టుకోలేదు, కానీ యాంప్ లోపల కరెంట్ నాలుగింతలైంది.

చూడటానికి ఇది లాభంలాగే ఉంటుంది. ఓమ్స్ తగ్గించుకుంటూ పోతే వాట్స్ ఫ్రీగా వస్తున్నాయి కదా! చిక్కంతా ఏంటంటే, ఆ 10 ఆంపియర్లూ అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ల గుండానే పోవాలి. అవి వేడెక్కుతాయి. పవర్ సప్లై కూడా అంత కరెంట్ ఇవ్వలేక వోల్టేజీ దించేస్తుంది. అందుకే నిజం చెప్పే స్పెక్ షీట్‌లో 8 ఓమ్స్‌కి 150 వాట్స్ ఉంటే 4 ఓమ్స్‌కి 300 రాయరు, ఏ 250 దగ్గరో ఆపుతారు. మా మండపం యాంప్ వెనక కూడా అదే ఉంది: 8 ఓమ్స్ 150 వాట్స్, 4 ఓమ్స్ 250 వాట్స్. దాని కింద ‘మినిమమ్ లోడ్ 4 ఓమ్స్’. ఆ మినిమమ్ అన్న మాటే అసలు రూల్. ఒక చానల్‌కి తగిలించిన బాక్సులన్నీ కలిపి అంతకంటే కిందికి పోకూడదు. పైకి పోతే భయం లేదు. 4 ఓమ్స్ యాంప్‌కి 8 గానీ 16 గానీ తగిలిస్తే సౌండ్ కాస్త తగ్గుతుంది, అంతే.

ఎంత తగ్గుతుంది అంటే మీరు అనుకున్నంత కాదు. వాట్స్ సగమైతే 3 డెసిబెల్స్ తేడా. చెవికి తెలుస్తుంది గానీ, సౌండ్ సగమైపోయినట్టు మాత్రం అనిపించదు. డబుల్ అయినట్టు అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్, అంటే పదింతల వాట్స్ కావాలి. ఆ 3 డెసిబెల్స్ కోసం యాంప్‌ని కాల్చుకోవడం దండగ.

స్పెక్ షీట్లలో ఇంకో చిన్న మాయ కూడా ఉంది. స్పీకర్ సెన్సిటివిటీని చాలామంది ‘2.83 వోల్టులు, 1 మీటర్’ అని ఇస్తారు. 8 ఓమ్స్ స్పీకర్‌కి 2.83 వోల్టులంటే సరిగ్గా 1 వాట్. 4 ఓమ్స్ దానికైతే 2 వాట్స్. అంటే 4 ఓమ్స్ స్పీకర్ అప్పనంగా 3 డెసిబెల్స్ ఎక్కువ చూపిస్తుంది. రెండు మోడల్స్ పోల్చేటప్పుడు ఓమ్స్ వేరైతే ఆ 3 తీసేసి చూడండి.

‘సిరీస్‌లోనే కలిపాం కదన్నా!’

మా కుర్రాళ్లు చేసిన అసలు పొరపాటు ఇక్కడుంది. యాంప్ నుంచి మొదటి బాక్స్‌కి కేబుల్, మొదటి బాక్స్ నుంచి రెండో దానికి, అక్కడి నుంచి మూడో దానికి... గొలుసులాగా. చూసేవాళ్లు ఎవరైనా సిరీస్ అనే అనుకుంటారు. సిరీస్ అయితే 8, 8 కలిసి 16 అవుతుంది, యాంప్‌కి ఇంకా తేలిక కదా అని వాళ్ల ధీమా.

మండపానికి కట్టే సీరియల్ సెట్ గుర్తు తెచ్చుకోండి. పాతకాలం బుల్లి బల్బుల తోరణంలో ఒక్క బల్బు పోతే ఆ వరసంతా ఆరిపోయేది. కరెంట్ ఒకే దారిలో అన్నింటి గుండా పోవాలి కాబట్టి. అది నిజమైన సిరీస్, పదో తరగతిలో చదివిన శ్రేణి సంధానం. ఇప్పుడు బాక్సుల గొలుసులో చివరి బాక్స్ కేబుల్ పీకి చూడండి. మిగతావి మోగుతూనే ఉంటాయి. అంటే ఇది సిరీస్ కానే కాదు. బాక్స్ వెనక ఉన్న రెండు సాకెట్లు లోపల ఒకదానికొకటి నేరుగా కలిపి ఉంటాయి. ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్. గొలుసులా ఎన్ని బాక్సులు తగిలించినా ఎలక్ట్రికల్‌గా అన్నీ యాంప్ టెర్మినల్ మీదే పక్కపక్కన ఉన్నట్టు లెక్క. సమాంతర సంధానం, మన భాషలో ప్యారలల్.

అపార్ట్‌మెంట్ పైన ట్యాంక్‌కి ఒక నల్లా తిప్పితే కొంత నీళ్లు, రెండు తిప్పితే రెండింతలు, నాలుగు తిప్పితే నాలుగింతలు పోతాయి. అలాగే ప్రతి కొత్త బాక్స్ కరెంట్‌కి ఇంకో దారి తెరుస్తుంది. ఒకే రకం బాక్సులైతే లెక్క చాలా తేలిక: ఓమ్స్‌ని బాక్సుల సంఖ్యతో భాగించండి. 8 ఓమ్స్‌వి రెండైతే 4, మూడైతే 2.67, నాలుగైతే 2. మా యాంప్ మినిమమ్ 4, మా వాళ్లు పెట్టిన లోడ్ 2. వాడు వాట్స్ చూసుకుని ధైర్యంగా ఉన్నాడు గానీ, యాంప్ మాత్రం తట్టుకోగలిగిన దానికి రెట్టింపు కరెంట్ ఇవ్వాల్సి వచ్చింది. పైగా ప్లాస్టిక్ కుర్చీలో పెట్టి, దుమ్ము పడుతుందని మీద టవల్ కప్పారు!

వేరువేరు ఓమ్స్ బాక్సులు కలిపితే ఇంకో తలనొప్పి. 8, 4 ప్యారలల్‌లో పెడితే మొత్తం 2.67. చాలా యాంప్‌ల మినిమమ్ కంటే కిందికి వచ్చేసినట్టే. దానికి తోడు 4 ఓమ్స్ బాక్స్, 8 ఓమ్స్ దానికంటే రెట్టింపు పవర్ లాగుతుంది. నా సలహా అయితే ఒక చానల్ మీద ఎప్పుడూ ఒకే రకం బాక్సులు పెట్టండి.

మరి నిజంగా సిరీస్‌లో కలిపితే? సేఫే. కాకపోతే రెండు వేరే రకం స్పీకర్లను సిరీస్‌లో పెడితే పాటలో బేస్, ట్రెబుల్ పంపకం పాడవుతుంది. ఒక కాయిల్ తెగితే రెండూ మూగబోతాయి. ఒకే కేబినెట్‌లో ఒకే మోడల్ స్పీకర్లను సిరీస్-ప్యారలల్‌గా కలపడం మాత్రం మామూలే. నాలుగు 8 ఓమ్స్ స్పీకర్లను రెండేసి చొప్పున సిరీస్‌లో పెట్టి, ఆ రెండు జతల్ని ప్యారలల్ చేస్తే మళ్లీ 8 ఓమ్సే వస్తుంది.

అన్నట్టు, బాక్స్‌లో ఒక వూఫర్, ఒక ట్వీటర్ ఉంటే “రెండు 8లు కదా, 4 అవుతుందా?” అని కామెంట్లలో చాలామంది అడుగుతుంటారు. క్రాసోవర్ ఉంటే కాదు. బేస్ వూఫర్‌కి, హై ట్రెబుల్ ట్వీటర్‌కి పంచేస్తుంది కాబట్టి ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర చూసినా యాంప్‌కి ప్రధానంగా ఒక్కటే కనిపిస్తుంది. బాక్స్ 8 ఓమ్స్‌గానే ఉంటుంది.

8 అని రాసి ఉంటే మీటర్‌లో 6 ఎందుకు?

మల్టీమీటర్ పెట్టి చూసినవాళ్లకి వచ్చే డౌట్ ఇది. 8 ఓమ్స్ స్పీకర్‌కి మీటర్ 5.5 నుంచి 6.5 మధ్య ఏదో చూపిస్తుంది. 4 ఓమ్స్ దానికి 3 నుంచి 3.5. స్పీకర్ పాడైపోలేదు, మోసమూ లేదు. మీటర్ డీసీతో కొలుస్తుంది, అంటే కాయిల్ రాగి తీగ నిరోధం మాత్రమే చూపిస్తుంది. పాట ఏసీ సిగ్నల్. దానికి కాయిల్ ఇచ్చే మొత్తం ఆటంకాన్నే ఇంపిడెన్స్ అంటారు. అది ఫ్రీక్వెన్సీని బట్టి మారుతూ ఉంటుంది.

ఎంత మారుతుందంటే, కోన్ తనంతట తాను ఊగడానికి ఇష్టపడే ఒక ఫ్రీక్వెన్సీ ఉంటుంది, రెజొనెన్స్ అంటారు. పెద్ద వూఫర్లకి ఇది తరచూ 40, 50 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉంటుంది. అక్కడ 8 ఓమ్స్ స్పీకర్ ఇంపిడెన్స్ 30, 40 ఓమ్స్ దాటిపోవచ్చు. కాస్త పైకి, రెండు మూడు వందల హెర్ట్జ్ దగ్గరికి వచ్చేసరికి బాగా దిగిపోతుంది. ఇంకా పైకి పోతే కాయిల్ ఇండక్టెన్స్ వల్ల మళ్లీ పెరుగుతుంది. కాబట్టి వెనక రాసిన 8 అనేది ఒక గుండు నంబర్. ఐఈసీ 60268-5 స్టాండర్డ్ ప్రకారం అసలు ఇంపిడెన్స్, రాసిన దాంట్లో 80 శాతం కంటే కిందికి పోకూడదు. అంటే 8 అని రాస్తే 6.4 దాకా, 4 అని రాస్తే 3.2 దాకా దిగొచ్చు. యాంప్ తయారుచేసేవాళ్లు ఈ మాత్రం తేడాకి తయారుగానే ఉంటారు. 2కి కాదు.

ఆన్‌లైన్ బోర్డులు, బ్రిడ్జ్ మోడ్

ఇప్పుడు మీలో చాలామంది టేబుల్ మీద ఉండే సరుకు. టీపీఏ3116డీ2 చిప్‌తో వచ్చే బోర్డులు ఆన్‌లైన్‌లో ఎక్కడ చూసినా ఉంటాయి, హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో తిరిగితే దొరుకుతాయి. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చిప్ అది, మంచిదే. లిస్టింగ్‌లో ఎంత గొప్పగా రాసినా, డేటాషీట్ చెప్పేది 21 వోల్టుల సప్లైతో 4 ఓమ్స్‌కి చానల్‌కి 50 వాట్స్ అని. అదీ 10 శాతం డిస్టార్షన్ దగ్గర, అంటే చెవికి గరగర తెలిసిపోయే చోట.

మనం చేసేదేంటి? పాత రౌటర్ అడాప్టర్, 12 వోల్టులది తగిలిస్తాం. 8 ఓమ్స్ స్పీకర్లు పెడతాం. లెక్క వేస్తే 12 స్క్వేర్ 144, దాన్ని 8కి రెట్టింపు 16తో భాగిస్తే 9 వాట్స్. మహా అయితే అంతే వస్తుంది. ‘బోర్డ్ వేస్ట్’ అని ఒక స్టార్ రివ్యూ రాసే ముందు ఈ లెక్క చూడండి. అదే బోర్డుకి 4 ఓమ్స్ స్పీకర్లు పెడితే 18 వాట్స్ దాకా వెళ్తుంది. కానీ రెండు చానల్స్‌కి కలిపి 36 వాట్స్ అయింది. 12 వోల్టులు, 2 ఆంపియర్ల అడాప్టర్ మొత్తం ఇవ్వగలిగేదే 24. అందుకే బేస్ బలంగా కొట్టినప్పుడల్లా బోర్డ్ ఆగి ఆగి మోగుతుంది.

ఈ బోర్డుల్లో ఇంకో ప్రమాదం ఉంది. వీటి ఒక్కో చానల్ లోపల అప్పటికే బ్రిడ్జ్ అయి ఉంటుంది. స్పీకర్ మైనస్ టెర్మినల్ గ్రౌండ్ కాదు, అక్కడా సిగ్నల్ ఉంటుంది. వైర్ ఆదా చేద్దామని రెండు చానల్స్ మైనస్‌లని ఒకటిగా కలిపారంటే చిప్‌కి ఎసరు పెట్టినట్టే.

పెద్ద యాంప్‌ల వెనక కనిపించే బ్రిడ్జ్ స్విచ్ కూడా ఇదే కథ. రెండు చానల్స్‌ని ఎదురెదురుగా పనిచేయించి స్పీకర్‌కి రెట్టింపు వోల్టేజీ ఇస్తారు. దాంతో ఒక్కో చానల్‌కి స్పీకర్ ఓమ్స్‌లో సగమే కనిపిస్తుంది. 8 ఓమ్స్ పెడితే ఒక్కో చానల్ 4 మోస్తున్నట్టు లెక్క. అందుకే మామూలుగా 4 ఓమ్స్ మినిమమ్ ఉన్న యాంప్‌కి బ్రిడ్జ్‌లో 8 మినిమమ్ రాస్తారు. కార్ సబ్‌వూఫర్ వాళ్లు దీన్ని బాగా గుర్తుపెట్టుకోవాలి. 4 ఓమ్స్ డ్యూయల్ వాయిస్ కాయిల్ వూఫర్‌ని సిరీస్ చేస్తే 8, ప్యారలల్ చేస్తే 2. బ్రిడ్జ్ చేసిన యాంప్‌కి ఆ 2 తగిలిస్తే ఒక్కో చానల్‌కి 1 ఓమ్. దానికోసం తయారైన మోనోబ్లాక్ అయితే తప్ప తట్టుకోదు.

ఈ రూల్ పనిచేయని రెండు చోట్లు

గిటార్ వాయించే మిత్రులకి ఒక హెచ్చరిక. ‘పైకి పోతే భయం లేదు’ అన్నది ట్రాన్సిస్టర్ యాంప్‌లకే. ట్యూబ్ యాంప్‌లో ట్యూబులకీ స్పీకర్‌కీ మధ్య అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. అది స్పీకర్ ఓమ్స్‌ని ట్యూబులకి కావాల్సిన వేల ఓమ్స్‌గా మార్చి చూపిస్తుంది. అందుకే మార్షల్ 1959 లాంటి హెడ్స్ వెనక 4, 8, 16 అని సెలెక్టర్ ఉంటుంది. కేబినెట్ ఎంతో అక్కడ అంతే పెట్టాలి. మార్షల్ 1960ఏ కేబినెట్‌నే తీసుకోండి. నాలుగు 16 ఓమ్స్ స్పీకర్లుంటాయి, వెనక జాక్‌ని బట్టి మోనోలో 4 గానీ 16 గానీ, స్టీరియోలో వైపుకి 8 గానీ వస్తుంది. జాక్ మార్చి సెలెక్టర్ మర్చిపోయారో, మ్యాచ్ తప్పినట్టే. ఇక అసలు స్పీకర్ లేకుండా ట్యూబ్ యాంప్ వాయిస్తే ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజీ ఎగిసిపడి అది కాలిపోవచ్చు.

రెండోది గుడి మైక్ సెట్. ఆ యాంప్‌ల వెనక 4, 8, 16 ఓమ్స్‌తో పాటు 70 వోల్టులు, 100 వోల్టులు అని టెర్మినల్స్ కనిపిస్తాయి. వీధి చివరి దాకా హారన్‌లు పెట్టాలంటే సన్న వైర్‌లో ఎక్కువ కరెంట్ పంపితే వైరే తినేస్తుంది. అందుకని వోల్టేజీ పెంచి, ప్రతి హారన్ దగ్గర చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెడతారు. అక్కడ ఓమ్స్ లెక్క అక్కర్లేదు, హారన్ వాట్స్ కూడుకుని యాంప్ వాట్స్ దాటకుండా చూసుకుంటే చాలు. 100 వోల్టుల లైన్ మీద 10 వాట్ల ట్యాప్ అంటే యాంప్‌కి 1000 ఓమ్స్‌లా కనిపిస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ లేని మామూలు 8 ఓమ్స్ బాక్స్‌ని పొరపాటున అదే టెర్మినల్‌కి తగిలిస్తే? 100 స్క్వేర్‌ని 8తో భాగించండి. 1250 వాట్స్ అడుగుతుంది. తర్వాత జరిగేది మీరే ఊహించుకోండి.

కేబుల్ విషయం కూడా ఇక్కడే చెప్పేస్తా. 1 స్క్వేర్ ఎంఎం రాగి వైర్ 20 మీటర్లు లాగితే, రాను పోను 40 మీటర్లకి దాదాపు 0.7 ఓమ్స్. 8 ఓమ్స్ బాక్స్‌కి పవర్‌లో 8 శాతం వైర్‌లో పోతుంది, 4 ఓమ్స్ లోడ్‌కి 15 శాతం. దూరం ఎక్కువైతే 2.5 స్క్వేర్ ఎంఎం తీసుకోండి, ‘ఆక్సిజన్ ఫ్రీ’ అని బంగారు రంగు ప్యాకెట్ అక్కర్లేదు.

మళ్లీ మండపానికి

యాంప్ రిపేరై మూడో రోజు సాయంత్రానికి వచ్చింది. ఈసారి ఏదీ తగిలించక ముందే ఇంటి నుంచి మల్టీమీటర్ తీసుకెళ్లా. 500 లోపు దొరికే మామూలుదే. ముందు రెండు ప్రోబ్స్ ఒకదానికొకటి తాకించి మీటర్ ఎంత చూపిస్తుందో చూశా, ఆ 0.3ని ప్రతి రీడింగ్‌లోంచి తీసేశా. ఇంత తక్కువ ఓమ్స్ కొలిచేటప్పుడు ఇది మర్చిపోకండి. మొదటి బాక్స్ 6.1. రెండోది 6.2. మూడోది 5.9. అన్నీ 8 ఓమ్స్‌వే.

నాలుగోది 3.3.

వెనక మాత్రం శుభ్రంగా ‘8 ఓమ్స్’ స్టిక్కర్. పక్క వీధి వాళ్లకి ఫోన్ చేస్తే, రెండేళ్ల కింద వూఫర్ కాలిపోతే కాయిల్ మార్పించామన్నారు. షాప్‌లో ఏది ఉంటే అది వేశారన్నమాట. అంటే ఆ రాత్రి లోడ్ 2 ఓమ్స్ కూడా కాదు. మూడు 8లు, ఒక 4 ప్యారలల్‌లో పెడితే వచ్చేది 1.6. అంతసేపు మోగినందుకు ఆ యాంప్‌కే దండం పెట్టాలి.

రైట్ చానల్‌కి కొత్త కేబుల్ వేశాం. లెఫ్ట్‌కి రెండు 8 ఓమ్స్ బాక్సులు, కలిపితే 4. రైట్‌కి ఆ కాయిల్ మార్చిన బాక్స్ ఒక్కటే, అదీ 4. దాని స్టిక్కర్ మీద కుర్రాడు మార్కర్‌తో పెద్దగా ‘4’ అని రాశాడు. టవల్ తీసేసి యాంప్ వెనక ఒక చిన్న ఫ్యాన్ పెట్టాం. నిమజ్జనం దాకా ఎర్ర లైట్ మళ్లీ వెలగలేదు. మిగిలిన నాలుగో బాక్స్ మండపం వెనక ఉంది. దాని మీద పులిహోర గిన్నె పెట్టుకున్నారు, ఎత్తు సరిగ్గా సరిపోయింది.